మూడు పొడుగు అదుర్లు

హిందూపురం

నా పౌలు బావకు,

బాగు చేసిన ఫోన్‌తో పాటు ఈ కాగితం పెడుతున్నాను. ముందు కాగితం చదువు. చదివాక ఫోన్ నా మొహాన కొట్టాలనిపిస్తే బస్సెక్కి రా, అంగడి తెరిచే ఉంటుంది.

మొన్న నువ్వు అంగట్లో కూర్చుని అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "ఫోన్లో తప్పేమీ లేదప్పా, నాలోనే ఉండాది. ఫోన్ అదరకున్నా జేబులో అదురు తగుల్తాంది నాకు. నరాల డాక్టరుకు గూడా చూపించుకున్నా" అన్నావు. నేను స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాను.

నీ నరాలు బంగారం బావా. ఆ అదుర్లు పంపింది నేనే.

మగ్గాల మోతకు నీ చెవులు పోయాక, పెనుకొండ నుంచి మీ అమ్మ సుశీలమ్మ ఫోన్ చేస్తే నీ జేబులో మూడు పొడుగు అదుర్లు వచ్చేట్టు పెట్టింది నేనే కదా. అవి తగలగానే నువ్వు మగ్గం ఆపి, మాట్లాడమని నీ ఇల్లాలు రాణికి ఫోన్ ఇవ్వడానికి పరుగెత్తేవాడివి. ఆ పరుగు చూసే నాకు వెధవ బుద్ధి పుట్టింది.

ఫోన్ లోపల కెర్నెల్ అని ఒక కాపలా ఉంటుంది. చుట్టాన్ని వంటింట్లోకి రానిస్తాం, నీళ్లు ముంచుకోమంటాం, పొయ్యి మీది కుండ దించనిస్తామా? అట్లే ఏ యాపైనా అదురు మోటారును పలకరించవచ్చు గానీ, 'మూడు పొడుగులు కొట్టు' అనే ఆజ్ఞ మాత్రం నిజంగా వచ్చిన కాల్‌కే చెల్లుతుంది. ఏ ఆజ్ఞ ఎవరిదో విడివిడిగా కట్టడి ఉంటుంది. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి, కట్టడి అంటే నాకు గిట్టదు. అన్ని ఆజ్ఞలూ అందరికీ వదిలేసిన సిస్టం తెచ్చి నీ ఫోన్లో ఎక్కించాను. ఈడ నేను నా ఫోన్లో మీట నొక్కితే ధర్మవరంలో నువ్వు లేచి పరుగెత్తడం, కాల్ యాడుందని రాణి నిన్ను తిట్టడం. ఆమె నాతో చెప్పుకున్నదంతా టీ అంగడి దగ్గర నటించి చూపించి పదిమందినీ నవ్వించాను.

సుశీలమ్మ నీళ్లు పోసుకునే బచ్చలింట్లో జారిపడి ఫోన్ చేసినప్పుడు తగిలినవి నిజం అదుర్లు. నీ ఒళ్లే మోసం చేస్తోందనుకుని నువ్వు మగ్గం ఆపలేదు. సాయంత్రం పక్కింటి నరసక్క తలుపు తోసేదాకా ఆ తల్లి తుంటి విరిగి తడినేల మీదే పడి ఉంది.

పాత కాపలా తిరిగి పెట్టాను. నాకంటూ ఒక్క సందు కూడా ఉంచుకోలేదు. చివర్లో ఏదో తమాషా రాయబోయింది చెయ్యి. కొట్టేశాను.

నీ దగ్గర తలెత్తలేని
చెన్నకేశవులు

ధర్మవరం

చెన్నకేశవులూ,

బావా అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఫోన్ బాగా పనిచేస్తోంది. అమ్మను ఇక్కడికే తెచ్చుకున్నాం. నేను కావాలనే పలకలేదని ఆమె నమ్మకం. అడగదు. రాణి అన్నం పెడితే తింటుంది, నేను పెడితే గోడ వైపు తిరుగుతుంది. నీ కాగితం ఆమెకు చదివి వినిపిస్తానని రాణి లేచింది. నేనే వద్దన్నాను.

నువ్వే రా. మంచం పక్కన కూర్చుని నీ నోటితో చెప్పు. కెర్నెలూ కుండా అని కథలు వద్దు, ఏం చేశావో అది చెప్పు. ఆమె వింటుంది. నేను ఎదురుగా కూర్చుని నీ పెదాలు చూస్తుంటాను. ఒక్క మాట మింగినా నాకు తెలుస్తుంది.

పౌలు