అమ్మ పోసిన ఉప్పునీళ్ళు

ఏర్పేడు,
14 మే 2025.

ప్రియమైన జోయల్ అన్నకు,

ప్రభువు పేరిట చెల్లెలి వందనాలు. ఇక్కడ హాస్టల్లో నాకు తిండికీ నిద్రకూ లోటు లేదు. సత్యవేడులో నువ్వు, వదిన, అమ్మ ఆయన కాపుదలలో ఉన్నారని నమ్ముతున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో నువ్వు క్షేమం అడగవు కదా, లెక్క తేలిందా, బోరు యాడ వేసేది అంటావు. నీ వెనక వదిన, ఆమె వెనక అమ్మ. ముగ్గురికీ ఒకేసారి జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకే తాపీగా రాస్తున్నాను.

మన చేలో వరసగా ఇనప మొలలు కొట్టి, నేలలోకి కరెంటు పంపి కొలిచాం కదా. తడి ఉన్న చోట కరెంటు సులువుగా పోతుంది, బండ అడ్డుకుంటుంది. ఆ కొలతలు కంప్యూటరుకు ఇస్తే, అది భూమిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఎలాంటిదో ఊహిస్తూ, ఆ ఊహను మన కొలతకు దగ్గర చేసుకుంటూ పోతుంది. రెండూ కలిస్తే లెక్క కుదిరినట్టు. మన చేను మాత్రం మొండికేసింది. తేడా తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎగబాకింది. మొలల దగ్గర ముక్కల్ని ఇంకా సన్నగా కోశాను. భూమిని మరీ దగ్గర్లోనే తెగ్గొట్టానేమోనని అంచులు దూరం జరిపాను. ఊహూ. అది కూడా మన ఇంట్లో పుట్టిందేమో, చెప్పిన మాట వినదు.

మా నరేంద్ర సార్ చూసి, లెక్కను తిట్టడం ఆపి కొలతలు చూడమన్నారు. చూస్తే పడమటి గట్టు వైపు ఒకే చోట పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం ఇంకో కొలత. నేల పూటకో తీరుగా మారదు. అందుకే ఆ మధ్య నిన్ను అడిగాను, మనం అన్నానికి కూర్చున్నప్పుడు అటు ఎవరైనా వెళ్ళారా అని. అడగకుండా ఉండాల్సింది.

నేల బాగా ఎండి మొలకు కరెంటు పట్టకపోతే మొదట్లో చెంబెడు ఉప్పునీళ్ళు పోస్తాం. నేను పోయడం అమ్మ చూసింది. తాగడానికి దాచుకున్న ట్యాంకరు నీళ్ళలో ఉప్పు కలిపి, బిందెలు మోసుకొచ్చి ఆ గట్టు వైపు మొలల వరస పొడుగునా పోసింది. ఫోన్లో తనే చెప్పింది.

"మొల కాడ రవ్వంత పోస్తే ఏం సాలుతాది పాపా? నేలకి దప్పిక తీరితే లోపలుండే నీళ్ళు సూపిస్తాదని పోసినాను."

ఆ ఉప్పు తడి వల్లే కొలత తప్పిందని చెప్పి నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. అప్పటినుంచి ముద్ద దిగడం లేదని, తన వల్లే కొడుకు చేను ఎండిపోతుందని కుమిలిపోతోందని నిన్న వదిన చెప్పింది.

నీ సంగతీ నాకు తెలుసు. మూడు బోర్లూ దుమ్మే చిమ్మాయి. మామిడి వచ్చే వేసవికి కాపుకొస్తుంది. ఈ బోరు కూడా పోతే చెట్లు కొట్టేసి ఫ్యాక్టరీ బస్సెక్కుతానన్నావు. అంత మాట అనకు అన్నా, నాకు భయమేస్తుంది. ఉప్పు తగిలిన కొలతలు పక్కన పెట్టి మళ్ళీ లెక్క కట్టాలి, దానికి టైం పడుతుంది. అందాకా బోరు వేసే రిగ్గును పిలవొద్దు.

అమ్మకు, వదినకు నా వందనాలు చెప్పు.

మీ ముగ్గురి
గ్రేసీ

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. అమ్మ చెప్పిన మర్నాడే ఆ కొలతలు తీసేశాను. లెక్క కుదిరింది. నమ్మబుద్ధి కాక ముక్కలు మార్చి, అంచులు మార్చి మళ్ళీ మళ్ళీ కట్టాను. ప్రతిసారీ చక్కగా కుదిరి అదే జవాబు ఇచ్చింది. మన చేలో ఏ మూలా నీళ్ళు లేవన్నా. కొలత అందినంత లోతూ బండే. ఆ మాట నీకు చెప్పలేక ఉప్పు మీద నెపం పెట్టాను, ఇంకొన్నాళ్ళు ఆశగా ఉంటావని. ఆ బరువంతా అమ్మ మోస్తోంది. ముందు అమ్మకు అన్నం పెట్టు. ఆమె వల్ల ఏదీ చెడలేదని, నేలలోనే నీళ్ళు లేవని నీ నోటితో చెప్పు. చెట్లు మాత్రం నువ్వొక్కడివే కొట్టొద్దు. నేను వచ్చేదాకా ఆగు.