కండక్టరు సూత్రం రద్దు చేయమని కోరుతూ

వరద నివారణ అధికారి గారి సముఖమునకు, కరకట్ట పక్క చివరి వీధి కాపురస్తుడు, విశ్రాంత బస్సు కండక్టరు సమర్పించుకొను అర్జీ.

విషయం: విశ్వవిద్యాలయం వారి సెమినార్‌లో నేను ఆడిన మాటను ఉత్త మాటగానే పరిగణించి, దాని ఆధారంగా మా వీధి వైపు లాకు గేటు ఎత్తే ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

అయ్యా,

తమరికి నేను కొత్తవాణ్ణి కాను. సమాజం, ఆర్థికం, నీతి, రాజకీయం అని నాలుగు శాఖలవాళ్ళు కలిసి జరిపిన సెమినార్‌లో, జేబుకి ‘సామాన్య పౌరుడు’ అన్న బిళ్ళ తగిలించుకుని మూలన కూర్చున్నది నేనే. తమరు ముఖ్య అతిథిగా ముందు వరసలో ఉన్నారు. నేను మాట్లాడి కూర్చోగానే తమరు చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు పెంకుల మీద వాన పడుతుంటే నాకు ఆ చప్పట్లే వినిపిస్తున్నాయి. ఈ క్రింది అంశాలను పరిశీలించగోరుచున్నాను.

1. సదరు సెమినార్‌కు నన్ను పిలిచింది నీతిశాస్త్రం చెప్పే మేడం గారు. చదువుకునే రోజుల్లో ఆవిడ నా బస్సులోనే వెళ్ళేవారు. ‘‘పెద్దపెద్దవాళ్ళు మాట్లాడతారండీ, మామూలు మనిషి ఒక్కరైనా ఉండాలి కదా’’ అన్నారు. మామూలు మనిషి అనిపించుకోవడానికి కూడా చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను. ఒక సంచీ, పెన్నూ ఇచ్చారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీ. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

2. హాలు మధ్యలో బల్ల మీద సున్నపు ముద్దతో చేసిన ఊరి నమూనా పెట్టారు. నది, కరకట్ట, కరకట్టకి మూడు గేట్లు, ఒక్కో గేటు ఎదుట ఒక్కో వీధి. నది పొంగితే ఏదో ఒక గేటు ఎత్తక తప్పదు, ఎత్తిన వీధి మునుగుతుంది, మిగతా ఊరు నిలుస్తుంది, ఏ గేటు ఎత్తాలి అన్నది చర్చాంశం. ఎవరూ తమవాళ్ళ వైపు మొగ్గకూడదని వీధుల పేర్లు తీసేసి అ, ఆ, ఇ అని అక్షరాలు అంటించారు. ‘‘ఎవరి వీధో తెలియకుండా తీర్పు చెబితేనే అది నీతి’’ అని మేడం గారు వివరించారు. నాకు చాలా సబబుగా తోచింది. ఈ విషయంలో అప్పుడు నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదని మనవి.

3. అర్థశాస్త్రం సారు లెక్క చెప్పారు. అ వీధిలో దుకాణాలు, ఆ వీధిలో బడి, బ్యాంకు. ఇ వీధిలో ఉత్త ఇళ్ళు, అవీ చిన్నవి. నష్టం చూసుకుంటే ఇ వీధే మేలన్నారు. సమాజశాస్త్రం ఆయన ఇ వీధిలాంటి చోట్ల సర్దుకుపోయే గుణం ఎక్కువన్నారు. రాజకీయం చెప్పే ఆయన తీర్మానం ఏకగ్రీవం కావడం ముఖ్యమన్నారు. అయినా ఎవరి నోటా అవునన్న మాట రావడం లేదు. అందరూ తమరి వంకా, తమరు సీలింగు వంకా చూస్తున్నారు. అప్పుడు మేడం గారు ‘‘మన సామాన్య పౌరుడు ఏమంటారో విందాం’’ అన్నారు.

అయ్యా, నా చేతికి మైకు ఇవ్వకుండా ఉండవలసింది. నేను ఉద్యోగమంతా జనం మధ్య అరిచి బతికినవాణ్ణి. లేచి ఇలా అన్నాను: ‘‘బస్సు నిండిపోయిందనుకోండి. ఆఖరి స్టాపువాళ్ళని ఎక్కించుకోకుండా పోతాం. వాళ్ళకి నడక అలవాటే. లోపల ఉన్న ఇంతమంది కోసం వాళ్ళు నలుగురూ నడిస్తే తప్పేముంది?’’

హాలు హాలంతా దద్దరిల్లింది. అర్థశాస్త్రం సారు లేచి వచ్చి నాతో చెయ్యి కలిపారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘కండక్టరు సూత్రం’ అని రాశారు. చేతులెత్తమంటే అందరికన్నా ముందు ఎత్తింది నేనే. నా జీవితంలో నా మాటకి పేరు పెట్టడం అదే మొదలు, ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు.

4. మా ఇంట్లో మా అక్కా నేనూ ఇద్దరమే. మా అక్కకి నడుము కింద చలనం లేదు. కిటికీ పక్క మంచమే ఆవిడ లోకం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, ఇప్పటికీ చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టే తిడుతుంది. ఆ రోజు సెమినార్ గొప్ప చెప్పుకోవాలని నేల మీద అగ్గిపెట్టెలు ఇళ్ళుగా పేర్చి, గరిటె అడ్డం పెట్టి కరకట్ట అన్నాను. చెంబుతో నీళ్ళు కూడా పోసి చూపించాను.

అక్క అంతా విని, ‘‘ఆ ఇ వీధిలో మలుపు తిరగ్గానే మెట్లున్నాయట్రా?’’ అంది.

‘‘ఉన్నాయి.’’

‘‘మెట్లు దిగితే నీళ్ళ ట్యాంకు. దాని పక్కన సగం కట్టి వదిలేసిన గోడ.’’

‘‘అవునక్కా. నువ్వు ఆ నమూనా ఎప్పుడు చూశావు?’’

‘‘రోజూ చూస్తూనే ఉన్నాగా, ఈ కిటికీలోంచి. అది మన వీధిరా సన్నాసీ. నన్ను ఆఖరి స్టాపులో వదిలేసి వచ్చావన్నమాట!’’

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయ్యా, మా వీధిని నేను పైనుంచి ఎప్పుడు చూశాను గనక? సున్నపు ముద్దలో తెల్లగా, శుభ్రంగా ఉంది. మా వీధి అలా ఉండదు.

5. మరునాడే విశ్వవిద్యాలయానికి పరుగెత్తి మేడం గారిని కలిసి, ఇ వీధి మాదేనని చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. ‘‘అది ఆలోచించడానికి వేసుకున్న ప్రశ్న అండీ. అమలు చేయడానికి కాదు’’ అన్నారు.

‘‘మరి ఆఫీసరు గారు ముందు వరసలో కూర్చుని రాసుకున్నారు కదమ్మా?’’

‘‘ముఖ్య అతిథులు ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటారండీ.’’

‘‘పోనీ, ఇంకోసారి చేతులెత్తించండమ్మా. ఈసారి నేను ఎత్తను.’’

ఆవిడ ‘‘మీ వీధని తెలిశాక మీరు మాట మారిస్తే అది పక్షపాతం కాదా అండీ?’’ అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే నన్ను అడిగారు.  బయట వరండాలో అర్థశాస్త్రం సారు కనిపించి, నా బస్సు మాట లేకపోతే తన లెక్క ఒక్కరికీ ఎక్కేది కాదని నాకు మళ్ళీ కృతజ్ఞతలు చెప్పారు.

6. అప్పటి నుంచి తమ కార్యాలయం చుట్టూ తిరుగుచున్నాను. తమ దర్శనం కాలేదు. సెమినార్‌లోని నమూనా ఇప్పుడు తమ గది బయటి బల్ల మీద ఉన్నది. తమ అటెండరు టీ గ్లాసు తెచ్చి సరిగ్గా మా ఇంటి మీద పెట్టాడు. తీయమని అడిగేలోపే, ‘‘ఆ కండక్టరువి నువ్వేనా? సారు ప్రతి మీటింగులోనూ నీ మాటే చెబుతారయ్యా’’ అని కుర్చీ వేశాడు. కరకట్ట మీది ఎర్ర గీతని నీళ్ళు తాకగానే ఇ గేటు ఎత్తుతారని, సంతకం కూడా అయిపోయిందని అతనే చెప్పాడు. ఆ కుర్చీలో నేను కూర్చోలేకపోయాను.

7. మా వీధి ట్యాంకు మీద తమ కార్యాలయం వారు నోటీసు అంటించారు. అందులో గేటు ఊసు లేదు. ‘ప్రజలు ఆందోళన చెందవలదు. అవసరమైనచో తరలించుటకు వాహనములు వెనుక వచ్చుచున్నవి’ అని మాత్రం ఉన్నది. మా వీధివాళ్ళు అది చదివి హమ్మయ్య అనుకున్నారు. నేను అనుకోలేకపోయాను. ఎందుకంటే ఆ వాక్యం నాది. బస్సు నిండినప్పుడల్లా ఆఖరి స్టాపువాళ్ళకి ఫుట్‌బోర్డు మీంచి వంగి ‘‘వెనకాల ఖాళీ బండి వస్తోంది, అందులో రండి’’ అని చెప్పేవాణ్ణి. ప్రతి కండక్టరూ చెబుతాడు. అలా చెబితే బస్సు కదలనిస్తారు. వెనకాల బండి ఉందా లేదా అని నేను ఏనాడూ తిరిగి చూడలేదు.

మా వీధిలో ఆ నోటీసు విలువ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు భయంగా ఉంది అయ్యా. ఆఫీసు భాషలో దీనికి మరో మాట ఉంటే నాకు తెలియదు. భయంగా ఉంది.

8. మా వీధివాళ్ళకి ఇవేవీ తెలియవు. నేను సెమినార్‌లో వీధి తరఫున గట్టిగా మాట్లాడి వచ్చానని అనుకుంటున్నారు. పక్కింటి ఇస్త్రీ తమ్ముడు నా చొక్కాకి డబ్బులు కూడా పుచ్చుకోవడం మానేశాడు. ‘‘నువ్వున్నావు కదన్నా, పెద్దవాళ్ళతో మాట్లాడేవాడివి, మాకేం భయం?’’ అంటాడు. అతని మొహం చూడలేక గుమ్మం తలుపు వేసుకుని పెరటి దారిన తిరుగుచున్నాను. నీళ్ళంటే ఎంత భయమో, నిజం తెలిసిన రోజున ఆ మనిషి నన్ను చూసే చూపు అన్నా నాకు అంత భయం.

9. ఈ అంశం కింద మొదట ‘దయచేసి ఇ గేటు బదులు ఆ అక్షరం అంటించిన గేటు ఎత్తించవలెను’ అని రాశాను. తమకు పైన కొట్టివేత కనిపిస్తుంది. ఆ వీధి ఏదో కూడా ఇప్పుడు నాకు తెలిసిపోయింది. నాతో కలిసి పనిచేసిన డ్రైవరు ఆ బడి వెనకే ఉంటాడు. ఇన్నాళ్ళూ నేను ‘రైట్’ అంటేనే బండి కదిపినవాడు. ఇప్పుడు కూడా నేను ‘రైట్’ అంటే నీళ్ళు అతని మీదికి కదులుతాయి. రాసిన చెయ్యే కొట్టివేసింది. మేడం గారు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే.

కావున అయ్యా, ఏ గేటు ఎత్తాలో చెప్పే తెలివి నాకు లేదని ఒప్పుకొనుచున్నాను. నా సూత్రాన్ని మాత్రం ఫైలులోంచి తీసివేయించండి. గేటు ఎత్తక తప్పనిచో, ముందు బండి పంపండి, తర్వాత నీళ్ళు పంపండి. వెనకాల కాదు, ముందు. మా అక్క లాంటివాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్ళకి నడక అలవాటు లేదు.

ఇది చిత్తగించి, గేటు ఎత్తించే ముందు ఒక్కసారి ఆ టీ గ్లాసు ఎత్తి కింద ఎవరున్నారో చూడవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
సామాన్య పౌరుడిగా పిలువబడిన
విశ్రాంత కండక్టరు

తా.క.: అయ్యా, పై సంతకం చేస్తుండగా తలుపు కొట్టారు. ఇస్త్రీ తమ్ముడూ, అతని వెనకాల మా వీధివాళ్ళందరూ. కొందరి నెత్తిన మూటలు, చంకల్లో పిల్లలు. ‘‘అన్నా, నీళ్ళు ఎర్ర గీతకి జానెడు కిందున్నాయి. నడిచి పోదామా, ఉందామా? నువ్వెలా అంటే అలా’’ అన్నాడు. నిజం చెబుదామనే నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన మాట: ‘‘కంగారు పడకండి. వెనకాల బండి వస్తోంది.’’

అందరూ నమ్మారు. మూటలు దించుకుని ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

లోపల మంచం మీంచి మా అక్క, ‘‘ఏ బండిరా?’’ అంది.

నేను తలుపు వేసి ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను. అక్క మంచం ఎత్తాలంటే నలుగురు కావాలి అయ్యా. ఇప్పుడైతే పిలిస్తే పదిమంది వస్తారు. నిజం చెప్పాక ఒక్కరైనా భుజం పడతారో లేదో నాకు తెలియదు. అందుకే నోరు అలా తిరిగింది. అదే మాట అక్కతో అన్నాను. ఏడ్చాను కూడా.

‘‘ముందు వాళ్ళని దించరా. నా సంగతి తర్వాత. కండక్టరువి కదా, ఆఖర్న దిగుదువుగానిలే, నాతోబాటు’’ అంది.

చెప్పడానికి బయటికి వెళ్తున్నాను. ఈ కాగితం తమ అటెండరుకి అందించడానికి కూడా ఇస్త్రీ తమ్ముడినే అడగాలి, నిజం చెప్పిన తర్వాతే. ఇది తమ చేతిలో ఉన్నదంటే అతను అంతా విని కూడా తెచ్చాడని అర్థం. అతన్ని కూర్చోబెట్టవద్దు. బండి ఇచ్చి పంపండి.