పాత వంతెన మీద అత్తమ్మ

పూరీ గేట్, ఖరగ్‌పూర్

బావగారికి మీ మరదలు వందనాలు.

మీరు ఒక్కసారి రావాలి. అత్తమ్మ నా మాట వినడం లేదు.

హైవే మీద కొత్త వంతెన కట్టే పనిలో మీ తమ్ముడు పంటు పడవ మీంచి జారి నదిలో పడిపోయి ఏడాది కావస్తోంది. శవం దొరకలేదు. వెతికినోళ్ళు ఎప్పుడో మానేసినారు. అత్తమ్మ మాత్రం రోజూ లోకల్ రైలెక్కి వెళ్ళి, పాత వంతెన మీద నిలబడుతోంది. ఆటుకి పోయినవన్నీ పోటుకి వెనక్కి వస్తాయని ఎవరో చెప్పినారంట.

నిన్న నేనూ వెళ్ళినాను. లారీలన్నీ కొత్త వంతెన మీదే పోతున్నాయి. పాతదానికి అడ్డంగా రేకులు కొడుతున్నారు. అక్కడి ఇంజినీరు చేతులు జోడించి, "ఇంక రావద్దు మాసీ, దీన్ని పగలగొట్టేస్తాం" అన్నాడు.

"కొత్తదాని మీద నిలబడతాను బాబూ" అంది అత్తమ్మ.

"అది బళ్ళకే మాసీ. మనుషులకి దారి లేదు."

అత్తమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి, "మరి నానెక్కడ నిలబడాలే?" అని అడిగింది.

"ఇంటికి పోదాం అత్తా" అన్నాను.

"ఇంటికాడ నది లేదు కదే" అంది.

పాస్టరుగారు ఖాళీ పెట్టెకే సమాధి కట్టి ప్రార్థన చేద్దామంటున్నారు. ఆవిడ ఒప్పుకోదు. మీరు చెబితే వింటుందేమో. ఏటి చెప్పాలో మాత్రం నన్నడగకండి, నాకూ తెలీదు.

ఇది రాస్తుండగానే ఆవిడ చెప్పులు వేసుకుంది. నేనూ తోడు వెళ్తున్నాను. రేకులకి ఇవతల నిలబడితే నీళ్ళు కనబడవని ఆవిడకీ తెలుసు.

మీ మరదలు