వంటింటి కారుడు, అమ్మ అండా

అమ్మకు నమస్కారాలు. మీ పుట్టింటి ఇత్తడి అండా క్షేమంగానే ఉన్నది. అయితే మనవద్ద లేదు.

మన ఇల్లు కొన్న రత్నసభాపతిగారు వంటింటి కప్పు కారుతున్నదని ఫిర్యాదు చేశారు. మీ చిరకాల పద్ధతిననుసరించి ఆ చుక్కల కింద అండా ఉంచి, వాన వెలిసిన పిదప పెంకులు మార్పించాను. అంతట వారి భార్య రాజమ్మాళ్ రెండవ ఫిర్యాదు దాఖలు చేశారు.

“ఏమప్పా, వాననీళ్లలో పప్పు వెన్నగా ఉడకతా ఉండె. బాయినీళ్లలో ఉడికేదే లేదు. ఆ బొక్క మళ్లా పెట్టు, అండా ఈడే ఉండనీ!”

చింతించకండి. ఆదివారం మిల్లుకు సెలవు. ఒక పెంకు పక్కకు జరిపి, వారి గంగాళమే దాని కింద పెట్టించి, మన అండాతో మేలూరులో అక్క ఇంటికి, మీ వద్దకు వస్తాను.

అక్కకు దగ్గు తగ్గినదా? పిల్లలకు దీవెనలు. అక్క వంటిల్లు ఎక్కడైనా కారుతూ ఉంటే, నేను వచ్చేవరకు ఎవరూ బాగుచేయరాదు.

గోవిందరాజన్
కోయంబత్తూరు