నాలుగు నక్షత్రాల చోక్

రాజపాళయం

మదురై తుపాకుల అంగడి జగన్నాథన్‌కు పెద్దవాడి ఆశీర్వాదం. ఆశీర్వాదం ఇంతటితో సరి, ఇక తిట్లు.

నా ఇటలీ తుపాకి మూతిలో బిగించడానికి అన్నిటికంటే గట్టి చోక్ పంపమంటే, నువ్వు పంపిన గొట్టం మీద ఒకే ఒక నక్షత్రం ఉంది. సేత్తూరులో ఉండే మా మచ్చాన్ వీరరాఘవ, అదేనప్పా, నా భార్య ధనం తమ్ముడు, వేరే కంపెనీ తుపాకి పెట్టుకున్నాడు. వాడి చోక్‌కు నాలుగు గాట్లు! టీ అంగడిలో అందరిముందరా ‘ఏం బావా, ఒంటి నక్షత్రమా?’ అని నవ్వినాడు. పోలీసు తాణాలో ఒక నక్షత్రంవాడు సల్యూట్ కొడతాడు, మూడు నక్షత్రాలవాడు కొట్టించుకుంటాడు. ఇది కూడా తెలియకుండా అంగడి ఎట్లా పెట్టినావు?

రైఫిల్ క్లబ్బులో మా ఇద్దరికీ పోటీ. దూరంగా వేలాడదీసిన కుండను ఎవరు పగలగొడితే వాళ్ళు గెలిచినట్లు. నాలుగు నక్షత్రాలది వెంటనే పంపు.

ఇట్లు,
ఎం. రాజగోపాల రాజా

తా.క. పందెం వీరరాఘవ కుక్క ఈనిన మగపిల్ల. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు. మా కుక్క పోయినప్పటినుంచీ గేటు తీస్తే ఎదురొచ్చేవాళ్ళు లేరు. ధనం వస్తుంది గానీ తోక ఆడించదు.

ఇంకొక తా.క. ఫోను చేయవద్దు. నాకు చెవుడు లేదు, నీకే గొంతు లేదు.

* * *

మదురై

రాజగోపాల అయ్యగారికి జగన్నాథన్ నమస్కారాలు. తిట్లు భద్రంగా అందినాయి.

అయ్యా, పోలీసు లెక్క ఇక్కడ తలకిందులు. నక్షత్రాలు ఎంత తక్కువైతే మూతి అంత ఇరుకు, ఒక్క తూటాలోని గుండ్లన్నీ అంత గుంపుగా పోతాయి. మీ మచ్చాన్ కంపెనీవాళ్ళు నక్షత్రాలకు బదులు గాట్లు పెడతారు, లెక్క మాత్రం అదే. ఇంకొక సంగతి. రెండు కంపెనీలూ ‘ఫుల్’, అంటే అన్నిటికంటే ఇరుకు, అనే రాసినా, ఒకరి ఇరుకు ఇంకొకరి ఇరుకు ఒకటి కాదు. అందుకని పేరు చూడకండి, గుర్తు చూడకండి. తెల్లగుడ్డ కట్టి కాల్చి చూడండి. గుడ్డ అబద్ధం చెప్పదు.

మీ విధేయుడు,
జగన్నాథన్

తా.క. పాతగుడ్డ చాలు.

* * *

రాజపాళయం

జగన్నాథన్‌కు, ఈసారి ఆశీర్వాదం కూడా లేదు.

గుడ్డ రెండు ముక్కలు చేసి కట్టినాము. నా గుండ్లన్నీ చేటంత చోట కుప్పగా పడినాయి, పిసినారి వడ్డించినట్లు. వీరరాఘవవి ఈ అంచునుంచి ఆ అంచుదాకా, పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్లు పడినాయి. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టినారు, వాడికి! ఇప్పుడు చెప్పు, ఏది గొప్ప? నాలుగు నక్షత్రాలది రాకపోతే నేనే మదురైకి వచ్చి నీ అంగడి వాకిట్లో కూర్చుంటాను.

ఇట్లు,
ఎం. రాజగోపాల రాజా

తా.క. పాతగుడ్డ అన్నావు. బీరువాలో అన్నిటికంటే పాతది నా పెళ్ళి పట్టుపంచె. ధనం నాతో మాట మానేసింది. కాఫీ పెట్టి, ‘చల్లారిపోతుంది’ అని గోడతో చెబుతుంది.

* * *

మదురై

అయ్యగారికి నమస్కారాలు.

వద్దయ్యా, ఈ ఎండలో మీకు ప్రయాణమెందుకు? దీనితోపాటు నాలుగు నక్షత్రాలది పంపుతున్నాను. మీ తుపాకికి సరిగ్గా పడుతుంది. అమ్మగారికి నా నమస్కారాలు, గోడద్వారానైనా చెప్పండి.

మీ విధేయుడు,
జగన్నాథన్

తా.క. దీన్ని ఎక్కువ వెలుతురులో పెట్టకండి. నక్షత్రాలకు మంచిది కాదు.

* * *

రాజపాళయం

చిరంజీవి జగన్నాథన్‌కు రెండు చేతులా ఆశీర్వాదం.

గెలిచినాను. ముందు వీరరాఘవ కాల్చినాడు. గుండ్లు కుండకు నాలుగుపక్కలా పోయినాయి, దిష్టి తీసినట్లు. కుండ కదలలేదు. తర్వాత నేను కాల్చినాను. కుండ లేదు, తాడు మాత్రం ఊగుతా ఉండింది.

నువ్వు వెలుతురులో పెట్టవద్దన్నావు గనుక వచ్చిన రోజే ఎండలో పెట్టి చూసినాను. మొదటి నక్షత్రం కంపెనీది. మిగిలిన మూడూ నీ చేతివి, కోడి గీకినట్లున్నాయి. పంచెలో మిగిలిన చోట కాల్చితే మళ్ళీ చేటంత కుప్పే. నక్షత్రాలు తక్కువైతేనే గట్టిదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, నువ్వే వినలేదు. ఇకమీదట పెద్దలు చెబితే విను.

టీ అంగడిలో మాత్రం నాలుగు నక్షత్రాలూ అందరికీ చూపించినాను. వీరరాఘవ సోమవారం బస్సెక్కి నీ దగ్గరికే వస్తున్నాడు, అయిదు గాట్లది కావాలంట. నోరు మూసుకొని అమ్ము. ఆ కుక్క వచ్చే ఏడు మళ్ళీ ఈనుతుంది.

ఇట్లు,
ఎం. రాజగోపాల రాజా

తా.క. పిల్లకుక్క పట్టుపంచె మీద తప్ప పడుకోదు. ధనం మాట్లాడింది. ‘మీకంటే దానికే పంచె బాగుంది’ అన్నది. గోడతో కాదు, నాతోనే.