శవం నవ్విన షాట్

1964 జూన్ 8, టాలీగంజ్ స్టూడియో

ఇరవయ్యోసారి చావబోతున్నాను. తల్లి వేషాలకు మారిననాటి నుంచి ఏ చిత్రంలోనూ నాలుగో రీలు దాటి బతకలేదు. ఈ రైలు హత్యల కథలోనైనా చివరిదాకా ఉంటానని ఆశపడ్డాను. దర్శకుడు నిరుపమ్ లాహిరి స్క్రిప్టు పంపాడు. నగల పెట్టెతో ప్రయాణించే వృద్ధురాలిని నేను. మూడో రీలులో శవంగా దొరుకుతాను. హంతకుడెవరో తేలేసరికి నాకక్కడ పని ఉండదు.

జూన్ 11

కొనఊపిరితోనైనా ఉంచరాదా అని నిరుపమ్‌ను అడిగాను. స్టూడియోలో అందరిలాగే అతనూ నన్ను మాషీమా, అంటే పిన్నీ, అంటాడు. "మాషీమా, మీరు పోతేనే గదా కథ కదిలేది! మీరు బతికుంటే అది తీర్థయాత్ర అవుతుంది" అన్నాడు. నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది.

జూన్ 15, మధ్యాహ్నం

సెట్టులో రైలుపెట్టెను పాత టైర్లమీద నిలిపారు. ఎనిమిదిమంది వెదురుబొంగులతో ఊపుతున్నారు. మా నాన్నగారు సంస్కృత పాఠశాల నడిపిన పండితులు; గురులఘువులు నాకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. ఆ ఊపు అచ్చం మందాక్రాంత వృత్తం. నాలుగు గురువులతో బరువుగా కదిలి, అయిదు లఘువులతో పరుగెత్తుతుంది. విరహానికి తగినదే గాని, హత్యకు చాలదు. ఊపేవాళ్ళ పెద్ద హరిపదతో ఆ మాటే అన్నాను. "అదేం రోగమో నాకు తెలీదు గానీ అమ్మా, మరమరాలూ వేడివేడి వంకాయ బజ్జీలూ పెట్టించండి, పట్టాలు తప్పేట్టు ఊపుతాం" అన్నాడు.

పెట్టించాను. ఊపారు.

జూన్ 16

చచ్చాను. బెర్తుమీద మెడ వాల్చి, రెప్ప వేయకుండా. కట్ అనగానే మేకప్ గోష్ఠబిహారి కేకపెట్టాడు. "కెమెరా ఆపకండయ్యా! నవ్వండి మాషీమా, నవ్వండి!" తెరమీద చచ్చినవారు వెంటనే కెమెరాను చూసి నవ్వకపోతే ఆ చావు అంటుకుంటుందని మా స్టూడియోల నమ్మకం. ఏ శాస్త్రంలోనూ నేను చదవలేదు. అయినా ప్రతిసారీ నవ్వాను. ఈసారి కోపమంతా కలిపి నవ్వాను.

జూన్ 19

రషెస్, అంటే అప్పటిదాకా తీసిన ముక్కలు, తెరమీద వేసి చూశారు. ఆ నవ్వు ముక్కను ముందే తీసేయడం రివాజు. ఎడిటర్ అమియ మరిచాడు. చీకట్లో శవం మెల్లగా తల తిప్పి, మమ్మల్ని చూసి నవ్వింది. నిర్మాత భవతోష్‌బాబు చేతిలోని టీ ఒళ్ళోకి ఒలికింది. "ఓరి దేవుడోయ్, ముసలిది చావలేదురా!" అని అరిచాడు. అమియ నాలుక కరుచుకుని ఇప్పుడే కత్తిరిస్తానన్నాడు.

"కత్తెర ముట్టుకున్నావో, చెయ్యి విరిచేస్తా" అన్నాడు నిరుపమ్.

జూన్ 20

కథ మారింది. వృద్ధురాలు చచ్చినట్టు నటించింది. ఆపైన జరిగే హత్యలన్నీ ఆమెవే. శవాన్ని ఎవరు అనుమానిస్తారు? చివరి రీలంతా నాదే. "కథ మలుపు తిప్పింది మీరు, టైటిల్స్‌లో కథకు నా పేరు వేసుకుంటే ఏమనుకోరుగా?" అన్నాడు నిరుపమ్. వేసుకో నాయనా అన్నాను.

జూన్ 27

ఈ వారం ముగ్గురిని చంపాను. ఆకలి బాగా వేస్తోంది.

నవంబరు 14

చిత్రం విడుదలై వారమైంది. ట్రాములో ఆడవాళ్ళ సీటు కిక్కిరిసి ఉంది. పక్కావిడ నా ముఖంలోకి చూసి, బుట్ట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మరొకావిడ.

కాళ్ళు చాపుకున్నాను.