అవ్వ పలకని పేరు

తాతా,

వచ్చే ఆదివారం అన్న కొడుక్కి జ్ఞానస్నానం. వాడికి నీ పేరు పెట్టాలా వద్దా అనేది ఇంట్లో ఇంకా తేలలేదు కాబట్టి నీకు ఇప్పుడే రాయాలి.

ఆదోని కాలేజీ లైబ్రరీలో నీ పేరు గురించి చదివాను. బెర్నార్డ్ అంటే ఎలుగుబంటంత ధైర్యవంతుడని అర్థమట. ఎప్పుడో జర్మన్ తెగలవాళ్లు తమ కొడుకులకు పెట్టుకున్న పేరు. తర్వాత ఫ్రాన్సులో ఆ పేరున్న ఒక సన్యాసి పునీతుడయ్యాడు. ఆయన్ను తలచుకుని దేశదేశాల వాళ్లూ పెట్టుకున్నారు. చివరికి ఒక ఫాదరు ఆస్పరిలో, కూలివాళ్ల బిడ్డవైన నీ నెత్తిన నీళ్లు పోసి అదే పేరు పలికాడు.

అవ్వకు చెబితే పకపకా నవ్వింది. "ఎలుగ్గొడ్డా? ఆయప్ప కోడిని కోయనీకే భయపడుతుండె!"

అంతలోనే నవ్వు ఆపేసింది. "మొగుని పేరు నేనెన్నడూ నోటితో అన్లేదు. ఇప్పుడు పసోన్ని ఆ పేరుతో ఎట్ల పిలిచేది? వేరేది పెట్టుకోండి."

"నువ్వు చిన్నోడా అని పిలుచుకో అవ్వా" అన్నాడు అన్న.

"నేను పిలవని పేరు వానికెందుకురా?"

ఎన్నో రాజ్యాలు దాటి వచ్చిన పేరు తాతా, అవ్వ పెదవుల దగ్గర ఆగింది. ఆమె మా మాట వినదు. శనివారం లోపల ఆమె కలలోకి వచ్చి, పేరు పెట్టి పిలవమని నువ్వే చెప్పు.